రెండు నోటుపుస్తకాలతో సెయింట్ హెలీనాకు

సెయింట్ హెలీనా దీవికి వెళ్లాలని నిశ్చయించుకున్న రోజే రెండు నోటుపుస్తకాలు కొన్నాను. నీలం అట్ట ఉన్నది చరిత్రకు, ఆకుపచ్చ అట్ట ఉన్నది జంతువులకు, మొక్కలకు. ప్రయాణానికి తొమ్మిది నెలల గడువు ఉంది. రోజూ రాత్రి ఒక గంట చదవాలి, చదివినదాన్ని ఏ పుస్తకానిది ఆ పుస్తకంలో రాసుకోవాలి అన్నది నా ఏర్పాటు. చరిత్ర వేరు, ప్రకృతి వేరు అని అప్పటికి నా మనసులో ఒక గీత ఉంది. మూడో నెల తిరగకముందే ఆ గీత చెరిగిపోయింది. అది ఎలా చెరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలో, ఆఫ్రికా పశ్చిమ తీరానికి దాదాపు 1,900 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి అది. విస్తీర్ణం 122 చదరపు కిలోమీటర్లు. జనాభా నాలుగున్నర వేల లోపు. బ్రిటన్ పాలన కింద ఉంది. 2017 అక్టోబరులో జొహానెస్‌బర్గ్ నుంచి విమానాలు మొదలయ్యేదాకా అక్కడికి ఓడ ఒక్కటే దిక్కు. కేప్‌టౌన్‌లో ఎక్కితే ఐదు రాత్రులు నీళ్ల మీదే గడపాలి. దాదాపు కోటీ నలభై లక్షల ఏళ్ల క్రితం అగ్నిపర్వతంగా సముద్రంలోంచి పైకి లేచిన ఆ నేల ఏ ఖండంతోనూ ఎన్నడూ కలిసి లేదు. అక్కడికి చేరిన ప్రతి విత్తనం, ప్రతి పురుగు, ప్రతి పక్షి గాలిమీదనో నీటిమీదనో కొట్టుకొచ్చినదే. మనుషులు కాలుపెట్టి 500 ఏళ్లు దాటింది, అంతే.

అందరిలాగే నన్నూ మొదట లాగింది నెపోలియనే. మొదటి నెలంతా నీలం పుస్తకం ఆయనతోనే నిండింది. 1815 అక్టోబరులో బ్రిటిష్ యుద్ధనౌక ఆయనను బందీగా అక్కడికి తెచ్చింది. తొలి రెండు నెలలు బ్రయర్స్ అనే చోట ఒక కుటుంబం తోటలోని చిన్న ఇంట్లో ఉన్నాడు. డిసెంబరులో లాంగ్‌వుడ్‌కు మార్చారు. గాలి, చెమ్మ, ఎలుకలు నిండిన ఆ ఇంట్లోనే 1821 మే 5న కన్నుమూశాడు. ఆ అయిదున్నరేళ్ల గురించి అచ్చయిన కాగితాలు దీవి మిగతా చరిత్ర మీద వచ్చినవాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఆయన ఏ గదిలో ఏ కుర్చీలో కూర్చున్నాడో కూడా తెలుసుకోవచ్చు. ఆ రాశిలో నా మనసులో నిలిచిపోయింది మాత్రం సమాధి రాయి. దాని మీద ‘నెపోలియన్’ అని మాత్రమే చెక్కాలని ఫ్రెంచివారు, ‘బోనపార్ట్’ అని కూడా చేర్చాల్సిందేనని దీవి గవర్నర్ సర్ హడ్సన్ లో (Lowe) పట్టుబట్టారు. ఎవరూ తగ్గలేదు. రాతిమీద ఒక్క అక్షరం కూడా లేకుండానే పూడ్చారు. 1840లో అవశేషాలను పారిస్‌కు తరలించారు. ఖాళీ సమాధి, పేరులేని రాయి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ తర్వాత వెనక్కి, దీవి పుట్టుపూర్వోత్తరాలకు వెళ్లాను. అక్కడే నాకు మొదటి పాఠం దొరికింది. 1502 మే 21న, భారతదేశం నుంచి తిరిగి వెళ్తున్న పోర్చుగీసు నౌకాధికారి జువావ్ ద నోవా ఈ దీవిని కనుగొన్నాడని, అది సెయింట్ హెలీనా పండుగ రోజు కనుక ఆ పేరు పెట్టాడని ఎక్కడ చూసినా ఉంది. దీవిలో ఇప్పటికీ మే 21నే దినోత్సవం జరుపుకుంటారు. నేనూ అలాగే రాసుకున్నాను. వారం తర్వాత వేరే పని మీద క్రైస్తవ పండుగల పట్టిక తిరగేస్తుంటే ఒక సంగతి కంటపడింది. మే 21న హెలీనాను స్మరించేది తూర్పు ఆర్థొడాక్స్ సంప్రదాయం. రోమన్ కాథలిక్కులకు ఆ పండుగ ఆగస్టు 18న వస్తుంది. పోర్చుగీసు నావికులు కాథలిక్కులు. మరి మే నెలలో ఆ పేరు ఎందుకు తట్టింది? ఈ అనుమానం చరిత్రకారులు ఎప్పుడో లేవనెత్తారని మరికొంత వెతికితే తెలిసింది. ఒకరు రాసినదాన్ని చూసి మరొకరు రాసుకుంటూ పోవడంతో ఆ తేదీ రాయిలా గట్టిపడింది.

ఆ రాత్రి నుంచి నోటుపుస్తకం పద్ధతి మార్చాను. ప్రతి వాక్యం పక్కన అంచులో పెన్సిల్‌తో ఒక గుర్తు పెట్టాను. కళ్లతో చూసినవారు రాసినదైతే చుక్క, విని రాసినదైతే సున్నా, ఎవరు చెప్పారో తెలియనిదైతే ప్రశ్నార్థకం. అప్పటిదాకా రాసిన పేజీలకు కూడా వెనక్కి వెళ్లి గుర్తులు పెట్టాను. నెపోలియన్ పేజీల్లో చుక్కలు ఎక్కువ. ఆయనతో ఉన్నవారంతా దినచర్యలు రాసుకున్నారు. మిగతా చోట్ల ప్రశ్నార్థకాలు వరసగా నిలబడ్డాయి. ఒక దూరప్రాంతం గురించి చదవబోయేవారు ఎవరైనా సరే మొదటి రోజు నుంచే ఈ పని చేస్తే మంచిదని నా అభిప్రాయం. నాకు నెల రోజులు ఆలస్యమైంది.

ఆ గుర్తుల వల్లే జొనాథన్ కథ కూడా చక్కబడింది. గవర్నర్ నివాసమైన ప్లాంటేషన్ హౌస్ ఆవరణలో ఉండే పెద్ద తాబేలు అది. సీషెల్స్ నుంచి 1882లో తెచ్చారు. అప్పటికే పూర్తిగా ఎదిగి ఉంది కనుక 1832 ప్రాంతంలో పుట్టి ఉంటుందని లెక్కగట్టారు. భూమ్మీద బతికి ఉన్నట్టు తెలిసిన నేలజంతువులన్నింటిలో పెద్ద వయసు దానిదే. చూపు పోయింది, వాసన తెలియదు, వినికిడి మాత్రం బాగుంది. అది నెపోలియన్‌ను చూసిందని ఒక పర్యాటక కరపత్రంలో చదివి సంబరపడి రాసుకున్నాను. నెపోలియన్ పోయింది 1821లో, తాబేలు దీవికి వచ్చింది 1882లో. రెండు తేదీలు పక్కపక్కన పెడితే చాలు. తాబేలు వివరాలు ఆకుపచ్చ పుస్తకంలో, నెపోలియన్ వివరాలు నీలం పుస్తకంలో ఉండటం వల్లే నాకు వెంటనే అది తట్టలేదు.

ఇక ఫెర్నావ్ లోపెస్. దీవిలో కాపురమున్న మొదటి మనిషిగా పేరున్నవాడు. గోవాలో పోర్చుగీసు సైనికుడు. సొంతవారిని వదిలి బీజాపూర్ సుల్తాను పక్షాన చేరాడు. పోర్చుగీసువారు గెలిచాక వారి గవర్నర్ అల్బుకెర్క్ ఆజ్ఞతో కుడిచేయి, ఎడమచేతి బొటనవేలు, ముక్కు, చెవులు కోయించారు. 1516 ప్రాంతంలో ఇంటికి వెళ్లే ఓడ మంచినీళ్ల కోసం ఈ దీవి దగ్గర ఆగినప్పుడు దిగి, అడవిలో దాక్కుని, ఉండిపోయాడు. ఓడవాళ్లు కొంచెం తిండి, బట్టలు వదిలి వెళ్లారు. తర్వాత వచ్చిన ఓడలను చూసి దాక్కునేవాడట. ఒకసారి ఓడ నుంచి నీళ్లలో పడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన కోడిపుంజును కాపాడి పెంచుకున్నాడని, అది అతని వెంటే తిరిగేదని పోర్చుగీసు రాతల్లో ఉంది. ఆ తర్వాత పోర్చుగల్‌కు, రోముకు వెళ్లి పోప్‌ను కూడా చూసి, మళ్లీ కోరి ఆ దీవికే తిరిగొచ్చాడు. అక్కడే 1545 ప్రాంతంలో పోయాడు.

ఈ కథ చదివిన రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఒంటిచేత్తో, ఆ చేతికి బొటనవేలు కూడా లేకుండా, గొయ్యి తవ్వడం, మొక్క నాటడం, కోడిని పట్టుకోవడం ఎలాగో ఊహించడానికి నా బొటనవేలిని అరచేతిలోకి మడిచి పెన్ను పట్టుకుని చూశాను. అక్షరం కుదరలేదు. పోర్చుగీసు ఓడలవాళ్లు పండ్లచెట్లు నాటారు, మేకలను వదిలారు. లోపెస్ కూడా తోటలు వేశాడు, మేకలను, కోళ్లను పెంచాడు. ఇది రాయబోతూ ఆగిపోయాను. లోపెస్ నీలం పుస్తకంలోని మనిషి. మేకలు?

మేకలు ఆకుపచ్చ పుస్తకంలోకి వెళ్లాయి. కానీ అవి అక్కడ ఉండలేదు. 1588లో ప్రపంచయాత్ర ముగించుకుని వస్తూ ఆగిన థామస్ కావెండిష్ బృందం దీవిలో వేలాది మేకలు ఉన్నాయని, ఒక్కోసారి మంద మైలు పొడవున సాగిపోతుందని రాసింది. మాంసాహార జంతువు ఒక్కటీ లేని నేల. మేకను చూసి ఎరగని, ముళ్లో విషమో సమకూర్చుకునే అవసరమే ఎన్నడూ లేని మొక్కలు. 70 ఏళ్లలో మందలు మైళ్లకు పెరిగాయి. ముసలి చెట్లు నిలబడి ఉన్నాయి గానీ వాటి కింద మొలిచిన ప్రతి మొలకా మేక నోట్లోకే పోయింది. ముసలి చెట్లు చచ్చేదాకా ఈ నష్టం ఎవరి కంటా పడదు. 1836 జూలైలో బీగిల్ ఓడలో వచ్చిన డార్విన్ గమనించినదీ ఇదే.

1659లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దీవిని తన చేతుల్లోకి తీసుకుంది. భారతదేశం నుంచి సరుకుతో తిరిగివచ్చే ఓడలకు మంచినీళ్లు, కూరగాయలు, మాంసం అందించే మజిలీగా మార్చింది. మన తీరాల నుంచి బయలుదేరిన ఎన్ని నేతబట్టల మూటలు ఆ రేవులో రెండు రాత్రులు ఆగి వెళ్లాయో! కంపెనీ ప్రతిదీ రాసి పెట్టుకుంది. ఆ రికార్డులు దీవి రాజధాని జేమ్స్‌టౌన్‌లోని క్యాసిల్ అనే పాత కోటభవనంలో భద్రంగా ఉన్నాయి. వాటిలోంచి ఏరి అచ్చువేసిన భాగాలను నేను చదివాను. అవి చదువుతున్నప్పుడు చరిత్ర చదువుతున్నానో, అడవి చావు గురించి చదువుతున్నానో చెప్పలేకపోయాను. ఈశాన్యాన గ్రేట్‌వుడ్ అనే పెద్ద అడవి ఉండేది. అందులో గమ్‌వుడ్ చెట్లు. చామంతి కుటుంబానికి చెందిన మొక్క, పోటీకి వచ్చే పెద్ద చెట్లు లేని దీవిలో కాండం గట్టిపడి చెట్టయి, అడవిగా నిలిచింది. ఆ చెట్లను వంటచెరకుకు నరికారు. సారా కాచడానికి నరికారు. తోళ్లు పదును చేయడానికి ఎర్రచేవ (రెడ్‌వుడ్), నల్లచేవ (ఎబొనీ) చెట్ల బెరడు కావాలి. చెట్టును కొట్టే ఓపిక లేక, చేతికందినంత మేర బెరడు ఒలుచుకుని, మానును అలాగే వదిలేశారు. కోటల కోసం సున్నం బట్టీల్లో ఎబొనీ దుంగలు కాల్చారు.

ఆ ఎబొనీ గురించి ఒక సంగతి. అది అసలైన ఎబొనీ కాదు, మందార కుటుంబంలోనిది. పెద్ద తెల్లని పూలు పూస్తుంది. చేవ మాత్రం బొగ్గులా నల్లగా ఉంటుంది కనుక ఆ పేరొచ్చింది. లోకంలో ఈ ఒక్క దీవిలోనే పుట్టింది. 1745లో దీవి పాలకులు లండన్‌కు ఒక విన్నపం పంపారు. ఎబొనీ మొక్కలు లేతగా ఉండగానే మేకలు బెరడు కొరికి చంపేస్తున్నాయి, అక్కడి మేకలను చంపించడం కంపెనీకే మేలు అని. జవాబు ఒక్క వాక్యం. మేకలను చంపవద్దు, ఎబొనీకంటే అవే ఎక్కువ ఉపయోగం అని.

ఆ వాక్యాన్ని ఏ పుస్తకంలో రాయను? అది కంపెనీ ఉత్తరం కనుక చరిత్ర. ఒక చెట్టుకు రాసిన మరణశాసనం కనుక ప్రకృతి. రెండు పుస్తకాలూ బల్ల మీద తెరిచి పెట్టుకుని కాసేపు కూర్చున్నాను. మర్నాడు మూడో పుస్తకం కొని, మొదటి పేజీలో ఆ ఉత్తరం సారాంశం రాసి, పాత రెండింటిలోని విషయాలన్నీ సంవత్సరాల వరసలో మళ్లీ రాయడం మొదలుపెట్టాను. చేతిరాతతో రెండు వారాలు పట్టింది. ఆ తిరగరాతలో నేర్చుకున్నంత మొదటిసారి చదివినప్పుడు నేర్చుకోలేదు.

మబ్బుల సంగతే చూడండి. 1677లో, ఇరవయ్యేళ్ల ఎడ్మండ్ హాలీ దక్షిణార్ధగోళపు నక్షత్రాల పట్టిక తయారు చేయడానికి ఈ దీవికే వచ్చాడు. కొండమీద పెట్టిన దూరదర్శిని ముందు రాత్రుల తరబడి మబ్బు తెరలు అడ్డం. అయినా 341 నక్షత్రాలను లెక్కకట్టాడు, బుధగ్రహం సూర్యబింబాన్ని దాటడాన్ని చూశాడు. 1761లో శుక్రగ్రహం అదే విధంగా దాటడాన్ని చూడాలని వచ్చిన నెవిల్ మాస్కెలీన్‌కు మబ్బు ఆ అదృష్టం కూడా దక్కనివ్వలేదు. ఇదంతా నీలం పుస్తకంలో ఉంది. ఆకుపచ్చ పుస్తకంలో, 820 మీటర్ల ఎత్తున్న డయానాస్ పీక్ చుట్టూ ఉన్న మబ్బు అడవి గురించి వేరే రాసుకున్నాను. చెట్లలా పెరిగే ఫెర్న్ మొక్కలు తేలిపోతున్న పొగమంచును ఆకులతో పట్టి, చుక్కలుగా నేలకు దింపుతాయి. దీవికి మంచినీళ్లు చాలావరకు అక్కడి నుంచే వస్తాయి. వరసలో పెట్టి రాసినప్పుడు గానీ నాకు తట్టలేదు, హాలీ శపించిన మబ్బు, ఫెర్న్ తాగే మబ్బు ఒకటేనని.

ఆ ఫెర్న్ ఆకుల మీదే ఒక చిన్న జీవి ఉంటుంది. పసుపు రంగు, ఒళ్లంతా ముళ్లు. రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టమైన వుడ్‌లౌస్ జాతి. అతినీలలోహిత కాంతి పడితే మెరుస్తుంది. ఒకప్పుడు దాన్ని వెతకడానికి వెళ్లినవారికి ఒక్క చిన్న చోట కొన్ని పదుల సంఖ్యలో మాత్రమే కనిపించిందట. ఆ అడవిని తరిగినది కూడా కాగితాల మీద లెక్కలే. 1907 నుంచి 1966 దాకా న్యూజిలాండ్ ఫ్లాక్స్ అనే నారమొక్కను కొండవాలులన్నిటా నాటి, తాళ్లకు, సంచులకు నార తీశారు. కృత్రిమ నార వచ్చాక మిల్లులు మూతపడ్డాయి. మొక్క మాత్రం పోలేదు. ఇప్పటికీ అక్కడి పనివాళ్లు చేత్తో ఫ్లాక్స్ పీకి, ఆ జాగాలో స్థానిక మొక్కలు నాటుతూ అడుగు అడుగుగా అడవిని వెనక్కి తెస్తున్నారు.

పోయినవాటి పేజీ నాకు అన్నిటికంటే బరువైనది. ఎగరలేని హూపో, ఎగరలేని నీటికోళ్ల జాతులు, ఒక పావురం, ఒక కోకిల. వీటిని ఎవరూ బొమ్మ గీయలేదు, కూత ఎలా ఉంటుందో రాయలేదు. నేలలో దొరికిన ఎముకలే వాటి సమస్త చరిత్ర. నా పెన్సిల్ గుర్తుల్లో వాటికి సరిపోయేది లేదు. చూసిన సాక్షి లేడు, విన్నవాడు లేడు. అయినా ఎముక అబద్ధం చెప్పదు. వాటికి అంచులో చిన్న గీత గీశాను. ఎనిమిది సెంటీమీటర్లు దాటే పొడవున్న ఇయర్‌విగ్ పురుగు ఉండేది. తోక చివర పటకారు లాంటి కొండీలు. ఆ జాతిలో ప్రపంచంలోకెల్లా పెద్దది. 1967 తర్వాత ప్రాణంతో కనపడలేదు. 2014లో అంతరించినట్లు ప్రకటించారు. అది రాళ్ల కింద బతికేది. ఇళ్ల కోసం రాళ్లు ఎత్తుకుపోయారు. ఎలుకలు, జెర్రులు మిగిలిన పని చేశాయి. సెయింట్ హెలీనా ఆలివ్ చెట్లలో అడవిలోని ఆఖరిది 1994లో, నాటి పెంచుకున్న ఆఖరిది 2003లో చచ్చిపోయాయి. నేను పుట్టాక పోయిన చెట్టు అది.

ఎబొనీ కూడా ఆ పేజీలోనే ఉండాల్సింది. వందేళ్లకు పైగా ఎవరికీ కనిపించలేదు, పోయిందనే అనుకున్నారు. 1980లో దీవివాసి జార్జ్ బెంజమిన్, వృక్షశాస్త్రవేత్త క్వెంటిన్ క్రాంక్ కలిసి తిరుగుతుండగా, సముద్రం మీదికి వంగిన కొండచరియలో, మేక కూడా చేరలేని చోట, రెండు పొదలు కనిపించాయి. జార్జ్ సోదరుడు ప్రాణాలకు తెగించి ఆ చరియలోకి దిగి కొన్ని రెమ్మలు తెంచి తెచ్చాడు. ఇవాళ దీవిలో ఉన్న వేలాది ఎబొనీ మొక్కలు ఆ రెండు పొదల సంతానమే. 1745 ఉత్తరం ఉన్న పేజీకి ఎదురుగా, కావాలనే ఖాళీగా ఉంచిన పేజీలో దీన్ని రాశాను.

రూపర్ట్స్ వ్యాలీ గురించి చదివిన వారాల్లో మరేదీ చదవలేకపోయాను. 1840 నుంచి, బ్రిటిష్ నౌకాదళం అట్లాంటిక్‌లో పట్టుకున్న బానిస ఓడలను ఈ దీవికి తెచ్చేవారు. పాతికవేల మందికి పైగా ఆఫ్రికన్లను అలా దింపారు. విముక్తి పొందారన్న మాటే గానీ, ఓడ అడుగున పడ్డ యాతనతో, రోగాలతో దాదాపు 8 వేల మంది ఆ లోయలోనే చనిపోయారు. 2008లో విమానాశ్రయానికి దారి వేసే ముందు తవ్వినప్పుడు 325 మంది అవశేషాలు బయటపడ్డాయి. ఎక్కువమంది పిల్లలు, యువతీయువకులు. కొందరి ఒంటి మీద పూసలు ఇంకా ఉన్నాయి. ఇంత ప్రయాణంలో, అంత నిర్బంధంలో, ఆ పూసలను ఎలా దాచుకున్నారో! 2022లో వారిని అదే లోయలో గౌరవంగా తిరిగి ఖననం చేశారు. నేను దిగబోయే విమానాశ్రయానికి, ఈ తవ్వకానికి ఉన్న సంబంధం తెలియకుండా టికెట్ కొన్నాను. తెలిశాక, దీవిలో మొదట వెళ్లవలసిన చోటు ఏదో నిర్ణయమైపోయింది.

ప్రయాణానికి జనవరి ఎంచుకున్నాను. తిమింగల సొరచేపలు ఆ నెలల్లో వస్తాయి. దీవికే సొంతమైన వైర్‌బర్డ్ అనే పిట్ట గూడు కట్టే కాలం కూడా. బయలుదేరే ముందు రోజు బూట్లు తలకిందులు చేసి, కుట్టుసూదితో అడుగుభాగం గాడుల్లోంచి మట్టి గీరాను. లేసుల అల్లికలో మూడు గడ్డి గింజలు దొరికాయి. ముల్లు కొసన అవి పట్టుకుని ఉన్న తీరు చూస్తే భయమేసింది. మేక, ఫ్లాక్స్, ఎలుక అన్నీ ఎవరో ఒకరి వెంట అలాగే వచ్చాయి. గింజలను కాల్చేసి, బూట్లను మరిగే నీళ్లతో కడిగాను.

విమానం చరియ అంచునున్న రన్‌వే మీదికి గాలికి ఊగుతూ దిగింది. బయటికి వచ్చిన వెంటనే చెవినపడిన మొదటి కూత గోరింకది. పసుపు ముక్కు, పసుపు కాళ్లు, అదే నడక. పశువుల మీది పిడుదులు తింటాయని 19వ శతాబ్దంలో భారతదేశం నుంచి తెప్పించి వదిలారు. చదివి ఉన్నాను కనుక ఆశ్చర్యం కలగలేదు. గుండె మాత్రం ఒక్క క్షణం పొంగింది, వెంటనే కుంగింది. వైర్‌బర్డ్ గుడ్లను తినేవాటిలో ఇదీ ఒకటి.

మొదటి సాయంత్రం రూపర్ట్స్ వ్యాలీకి వెళ్లి, ఏమీ రాయకుండా వచ్చాను. జేకబ్స్ లాడర్ 699 మెట్లు ఎక్కాను. పేరులేని సమాధి రాయి అనుకున్నదానికంటే చిన్నదిగా అనిపించింది. మిలీనియం ఫారెస్ట్‌లో, 2000 నుంచి దీవిజనం నాటుతున్న గమ్‌వుడ్ చెట్ల మధ్య నడిచాను. ఒక ఎబొనీ మొక్క పూసి ఉంటే పూరేకును వేలి వెనక భాగంతో తాకాను. తడి కాగితంలా పల్చగా ఉంది.

నాలుగో రోజు డెడ్‌వుడ్ ప్లెయిన్‌కు ఒక పెద్దాయన తీసుకెళ్లారు. దీవివాళ్లు తమను తాము ‘సెయింట్స్’ అని చెప్పుకుంటారు. ఆయన పుట్టి పెరిగింది అక్కడే. పేరులోనే ఎండిన చెట్లున్న ఆ మైదానం ఒకప్పుడు గ్రేట్‌వుడ్‌లో భాగం. 1900లో, దక్షిణాఫ్రికాలో బ్రిటన్‌తో పోరాడి పట్టుబడిన వేలమంది బోయర్ యుద్ధఖైదీలకు గుడారాలు వేసిందీ అక్కడే. ఇప్పుడంతా పచ్చిక. ఆవులు మేస్తున్నాయి. నా మూడో పుస్తకంలో హాని చేసినవాటి వరసలో మేకల కింద పశువులని కూడా రాసి ఉంది. ఆ మాటే ఆయనతో అన్నాను.

“ఆవుల్ని అనకండి” అన్నారాయన. “గడ్డి పొట్టిగా ఉంటేనే వైర్‌బర్డ్ నిలుస్తుంది. దూరం నుంచి పిల్లి వచ్చేది కనపడాలి కదా. ఆవులు లేకపోతే గడ్డి మోకాలి దాకా పెరిగి, పిట్ట వెళ్లిపోతుంది.”

వైర్‌బర్డ్ తీతువు పిట్ట కుటుంబానికి చెందినది. తీగల్లాంటి సన్నని కాళ్ల వల్ల ఆ పేరు. దీవికే సొంతమైన నేలపక్షుల్లో మిగిలింది ఇదొక్కటే. 2006 నాటి గణనలో రెండు వందల చిల్లర ఉన్నాయి. పిల్లులను అదుపు చేసి, పచ్చికను సంరక్షించాక మళ్లీ పెరిగాయి. అడవి పోయిన చోట పుట్టిన పచ్చికే ఈ పిట్టకు ఇప్పుడు ముఖ్యమైన ఆధారం. నేను చదివినవాటిలో ఇది లేకపోలేదు. చదివాను, రాసుకున్నాను, చుక్క కూడా పెట్టాను. మేకల మీది కోపంలో ఆవుల దగ్గర ఆగి ఆలోచించలేదు. అక్కడే నిలబడి పుస్తకం తీసి, పశువులు అన్న మాట పక్కన ఆయన చెప్పింది రాసి చుక్క పెట్టాను.

తలెత్తేసరికి ఇరవై అడుగుల దూరంలో పిట్ట ఉంది. పరుగెత్తి ఆగింది, మళ్లీ పరుగెత్తి ఆగింది. కంటి మీదుగా నల్లని పట్టీ, లేత పొట్ట. ఉన్నట్టుండి ఒక రెక్క నేలమీద ఈడుస్తూ, గాయపడినట్టు పక్కకు జరగడం మొదలుపెట్టింది. పెద్దాయన నా మోచేయి పట్టుకున్నారు.

“గుడ్లు ఇక్కడే ఎక్కడో ఉన్నాయి. కింద చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి.”

సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. మట్టిరంగులో, చుక్కలతో, చిన్న గుంటలో. ఫోటోల్లో చాలాసార్లు చూశాను. ఆవు గిట్టల గుర్తుల మధ్య నా బూటు అచ్చులను వెతుక్కుంటూ, ఒక్కొక్క అడుగే వెనక్కి వేశాను. కంచె దగ్గరికి చేరాక చూస్తే పిట్ట రెక్క ముడుచుకుని, మామూలుగా నడిచి వెళ్లి, గడ్డిలో ఒక చోట కూర్చుంది.

“కూర్చుంది” అన్నారాయన. కంచె తలుపు చప్పుడు కాకుండా మూసి, గొళ్లెం పెట్టారు.